గొలుసు నకలు: శబరీ వ్యాఖ్యా సహితము

మూలము

“సంధానిత దత్తాంశ నిర్మాణమునకు గభీర ప్రతికృతిని గైకొని, మూలమునకు హాని లేకుండ వర్తింపవలయును. శేషము సుగమము.”

అవతారిక

పై సూత్రం ఏ ఒక్క గ్రంథానికీ చెందినది కాదు. ప్రోగ్రామింగ్ బోధించే చోటల్లా, చెప్పేవారికి ఊపిరీ వినేవారికి ఓపికా కరువైన ఘట్టంలో, ఏదో ఒక రూపంలో వెలువడుతూ ఉంటుంది. దీనికి కర్త తెలియడు కనుక అపౌరుషేయమని కొందరు, బాధ్యుడు తెలియడు కనుక సర్క్యులర్ అని కొందరు అంటారు. దత్తాంశమంటే డేటా అని తెలిసినవారికి ఈ వాక్యం అక్కరలేదు, అక్కర ఉన్నవారికి దత్తాంశమంటే ఏమిటో తెలియదు. ఇట్లా ఉభయులకూ సమాన దూరంలో నిలబడడమే దీని గాంభీర్యం. మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు రాసిన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. చింతూరు పక్కన పారే నది పేరు పెట్టుకున్న ఈ శబరీ వ్యాఖ్య అంత దూరం ఆశించదు. చదివేవారు మేలుకొని ఉంటే దానికి చాలు.

ప్రతిపదార్థము

సంధానిత = సంధానింపబడిన; దత్తాంశ = దత్తమైన అంశముల యొక్క; నిర్మాణమునకు = నిర్మాణమునకు; గభీర = లోతైన; ప్రతికృతిని = ప్రతికృతిని; గైకొని = తీసికొని; మూలమునకు = మూలమునకు; హాని లేకుండ = హాని లేకుండునట్లుగా; వర్తింపవలయును = వర్తింపవలయును; శేషము = మిగిలినది; సుగమము = స్పష్టము.

ప్రతిపదార్థం ఇంతటితో సంపూర్ణం. పరీక్షలో ఇంతవరకు రాసినవారికి సగం మార్కులు వస్తాయి; అర్థమైనవారికి అదనంగా ఇచ్చేదేమీ లేదు కనుక ఎక్కువమంది ఇక్కడే ఆగుతారు.

విశేషములు

“సంధానిత దత్తాంశ నిర్మాణము” అనబడే వస్తువును ప్రోగ్రామర్లు లింక్డ్ లిస్ట్ అనీ, కాస్త చిక్కుబడినదైతే గ్రాఫ్ అనీ వ్యవహరిస్తారు. ఇందులోని ఒక్కొక్క అంగాన్ని నోడ్ అంటారు. వెదురుకు కణుపు ఎటువంటిదో దీనికి నోడ్ అటువంటిది. ప్రతి నోడ్‌లోనూ రెండు గదులుంటాయి: ఒకదానిలో దాచుకోవలసిన విషయం ఉంటుంది, రెండవదానిలో తరువాతి నోడ్ కంప్యూటరు మెమరీలో ఎక్కడుందో తెలిపే అడ్రసు ఉంటుంది, ఆ అడ్రసునే పాయింటర్ అంటారు. ఛత్తీస్‌గఢ్‌లోని కుంట నుంచి జాతీయ రహదారి మీద బయలుదేరినవాడికి కుంటలో చింతూరు దారి చెబుతారు, చింతూరులో ఎటపాక దారి చెబుతారు, ఎటపాకలో భద్రాచలం దారి చెబుతారు. దారి మొత్తం ఎవరికీ తెలియనక్కరలేదు, తరువాతి ఊరు తెలిస్తే చాలు. చివరి నోడ్‌లో అడ్రసు ఉండవలసిన గదిలో నల్ అని ఉంటుంది, అనగా ఇక ముందు దారి లేదని అర్థం. ఈ ఏర్పాటును 1955, 1956 ప్రాంతంలో అమెరికాలో అలెన్ న్యూయెల్, క్లిఫ్ షా, హెర్బర్ట్ సైమన్ అనే ముగ్గురు తమ ఐపీఎల్ భాష కోసం రూపొందించారు. ఈ ఐపీఎల్‌కు క్రికెట్‌తో సంబంధం లేదని చెప్పడం టీకాకారుడి ధర్మం.

ఇక సూత్రమనే మాటను విచారించవలసి ఉంది. ఆ మాట మూలంలో లేదనే ఆక్షేపణ నిలవదు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసినవాడు మల్లినాథుడు; ప్రతిజ్ఞ ఆయన ఒక్కడే చేయడం వల్ల తక్కిన వ్యాఖ్యాతలకు కావలసినంత స్వేచ్ఛ మిగిలింది. సూత్రమంటే దారం. గ్రంథమనే మాటకు మూలమైన ధాతువుకు కూర్చడం, ముడివేయడం అని అర్థం. అనగా ఈ దేశంలో పుస్తకానికి పేరు అందులోని జ్ఞానాన్ని బట్టి కాక, దాన్ని కట్టిన తాడును బట్టి వచ్చింది. తాటాకులను ఉడికించి, ఆరబెట్టి, ఒకే కొలతకు కోసి, బెజ్జం వేసి, గంటంతో గీచి, గీతల్లోకి మసి పట్టించి తుడిచి, తాడు గుచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగిస్తే అది గ్రంథమయ్యేది. తాడు తెగిన నాడు ఆకులు చెదిరేవి. అందుకని ఆకు అంచున అంకె వేసుకునేవారు, అంకె ఉన్న ఆకు ఎక్కడ పడినా తిరిగి తన వరసకు రాగలదు. లింక్డ్ లిస్ట్‌లోని నోడ్‌కు అటువంటి అంకె లేదు. ఒక్క పాయింటర్ చెడితే ఆ తరువాతి నోడ్లన్నీ మెమరీలో ఎక్కడో క్షేమంగా ఉండి కూడా లేనివాటి కింద లెక్క. తాటాకుల నాటివారు ఈ మాత్రం ఆలోచించారని గర్వించవచ్చు, గర్వించి ఊరుకోకూడదు.

తాటాకు చెదలకూ తేమకూ లోబడేది కావడంతో, కొన్ని తరాలకొకసారి నకలు తీయకపోతే పుస్తకం బతికేది కాదు. ఈనాటికి చేరిన ప్రాచీన కావ్యాల ప్రతులు నకళ్ళకు నకళ్ళే. అటువంటి ప్రతుల చివర లేఖకులు ఒక విన్నపం చేసుకునేవారు: చూసినది చూసినట్టు రాయడమైనది, తప్పులుంటే లేఖకుడి నేరం కాదు, నడుమూ మెడా వంచి రాసినది కనుక జాగ్రత్తగా కాపాడవలెను, అని. ఈ విన్నపంలోని కడపటి భాగం కంటతడి పెట్టిస్తుంది, మొదటి భాగం అనుమానం పుట్టిస్తుంది. ఒక వ్యాఖ్యాన గ్రంథంలో “42వ ఆకున చెప్పినట్లు” అని ఉందనుకుంటే, నకలు తీసే లేఖకుడి అక్షరం పెద్దది, అతనికి దొరికిన ఆకు పొట్టిది కావడం వల్ల ఆ విషయం కొత్త ప్రతిలో 57వ ఆకున పడుతుంది. అతడు మాత్రం చూసినది చూసినట్టు 42 అనే రాస్తాడు. ప్రతి అక్షరమూ మూలంతో సరిపోయింది. సరిపోవడం వల్లనే అర్థం తప్పింది. చదువరి నమ్మి 42వ ఆకు తిప్పితే, వేదాంత విచారణ ఉండవలసిన చోట నాయిక చెలికత్తెతో విరహం చెప్పుకుంటూ ఉంటుంది. ఆ అంకె పాత కట్టలోని ఆకునే చూపుతోందని సర్దుకున్నా, పాత కట్ట అటక మీద ఉన్నంత కాలమే ఆ సర్దుబాటు చెల్లుతుంది. దాన్ని చెదలు తిన్న మరునాడు కొత్త ప్రతి లేని ఆకును చూపే ప్రతి అవుతుంది. తెలిసినవారు అందుకే ఆకును కాక ఆశ్వాసాన్నీ పద్యాన్నీ పేర్కొనేవారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి శుద్ధప్రతులు రాయించింది కూడా చూసినది చూసినట్టు రాసిన చేతుల మీద నమ్మకం చాలకనే. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాల వెనుక ఈ శ్రమే ఉంది. ఆ పండితుల కూలిని గురించీ, ఎండిన తాటాకు వాసనను గురించీ చెప్పవలసినది చాలా ఉన్నా, ప్రకృతం డేటా అన్న సంగతి గుర్తుకు వచ్చినందున విరమించడమైనది.

గభీరమనే విశేషణం వల్ల గభీరం కాని నకలు కూడా ఒకటుందని తేలుతున్నది. దాన్ని షాలో కాపీ, అనగా పై నకలు, అంటారు. ఇందులో మొదటి నోడ్‌కు మాత్రం కొత్త ప్రతి తయారవుతుంది. దాని రెండవ గదిలోకి పాత అడ్రసు యథాతథంగా దిగుతుంది. ఫలితంగా చూడడానికి గొలుసులు రెండు, మొదటి కొక్కెం దాటాక ఉన్నది ఒకటే. రెండు తలలూ ఒకే కడుపూ ఉన్న భేరుండ పక్షి పంచతంత్రంలో ఉంది. ఒక తల మీద కోపంతో రెండవ తల విషఫలం తింటే పక్షి మొత్తం చచ్చింది. పై నకలు తీసుకొని, ఇది వేరే ప్రతి కదా అని ధైర్యంగా దిద్దినవాడికి జరిగేది అదే. నకలులో దిద్దుబాటు చేస్తే మూలం మారుతుంది, దోషం ఎక్కడ పుట్టిందో వెతకడానికి వారం పడుతుంది. జావా భాషలో క్లోన్ అనే ఘనమైన పేరుతో ఉన్న పద్ధతి, ప్రత్యేకంగా మార్చి రాయకపోతే, ఈ పై నకలునే తీస్తుంది. పేరు ఎంత పెద్దదైతే పని అంత చిన్నదన్న నియమం సంస్కృతానికి మాత్రమే పరిమితం కాదని దీనివల్ల గ్రహించవలెను.

డీప్ కాపీ, అనగా లోతు నకలు, తీసేవాడికి ఒక ఖాతా పుస్తకం కావాలి. అందులో ఎడమ గడిలో పాత నోడ్ అడ్రసు, దాని ఎదుట కుడి గడిలో కొత్త నోడ్ అడ్రసు రాసుకోవాలి. ఏ నోడ్ దగ్గరకు చేరినా ముందు ఖాతా చూడాలి. అది ఇదివరకే ఉంటే కొత్త అడ్రసును వాడుకోవాలి, లేకుంటే కొత్త నోడ్ కట్టి, దాని లోపలి పాయింటర్లలోకి దిగకముందే ఖాతాలో ఎక్కించాలి. దిగకముందే అన్న మాటను పాఠాలు చెప్పేవారు శేషంలో కలిపివేస్తారు. ప్రాణం అక్కడే ఉంది. ఒక నోడ్ రెండవదాన్నీ, ఆ రెండవది తిరిగి మొదటిదాన్నీ చూపుతున్న చోట ఖాతా లేనివాడు తిరుగుతూనే ఉంటాడు. రేషను కార్డు కావాలంటే నివాస ధ్రువపత్రం తెమ్మని ఒక కిటికీలోనూ, నివాస ధ్రువపత్రం కావాలంటే రేషను కార్డు తెమ్మని పక్క కిటికీలోనూ చెప్పినప్పుడు అర్జీదారుడు చేసే ప్రదక్షిణకు శాస్త్రంలో సైకిల్ అని పేరు. కంప్యూటరుకు ఇటువంటి చోట మెమరీ చాలక కార్యక్రమం ఆగిపోతుంది. అర్జీదారుడికి ఆ సదుపాయం కూడా లేదు, అతడు మరుసటి సోమవారం మళ్ళీ బస్సెక్కుతాడు.

పైథాన్ భాషలో డీప్‌కాపీ అనే సిద్ధౌషధం ఉంది, ఖాతాను అదే రాసుకుంటుంది. కాని అది ఒక నోడ్ లోపలికి దిగి, అక్కడి నుంచి తరువాతిదానిలోకి దిగి, పైకి తిరిగిరాకుండానే అడుగుకు పోయే స్వభావం కలది. ఆ భాషలో ఒకదాని లోపల ఒకటిగా దిగగల పిలుపులకు మామూలుగా 1000 అని హద్దు ఉండడం వల్ల, ఒకదాని వెనుక ఒకటిగా 1000 నోడ్లున్న సాదా గొలుసును అప్పగిస్తే మధ్యలోనే చేతులెత్తేస్తుంది. గభీర శబ్దానికి ఇంతకన్నా సార్థకమైన ప్రయోగం అరుదు. పొడవైన గొలుసుకు మెట్టుమెట్టుగా నడిచే లూప్ రాసుకోవడమే క్షేమం. ఖాతా కూడా అక్కరలేని ఉపాయం ఒకటి ఉద్యోగ పరీక్షల్లో అడుగుతారు: ప్రతి పాత నోడ్ పక్కనే దాని నకలును గొలుసులో ఇరికించి, పాత నోడ్ ఎవరిని చూపుతున్నదో వారి పక్కనున్న నకలును కొత్త నోడ్ చేత చూపించి, అన్నీ కుదిరాక రెండు గొలుసులను విడదీయడం. మామిడికి అంటు కట్టేవారు మొక్కను తల్లిచెట్టు కొమ్మ పక్కన చేర్చి, అతుకు పట్టిన తరువాతనే తల్లి వైపు కోస్తారు. అతుకు పట్టకముందు కోస్తే చేతిలో మిగిలేది పుల్ల. 1970లో సి.జె. చీనీ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పద్ధతిలో, నోడ్‌ను కొత్త చోటికి మార్చినప్పుడల్లా పాత చోట ఆ కొత్త అడ్రసు రాసిపెడతారు, ఇల్లు మారినవాడు పాత వాకిలికి చీటీ అంటించిపోయినట్టు. తరువాత వచ్చినవాడు ఆ చీటీ చూసి కొత్త ఇంటికి పోతాడు. పాత ఇల్లు అప్పటివరకు నిలిచి ఉండాలన్నది ఇక్కడి షరతు.

ఉదాహరణము

చింత, ఊరు అన్న చోట అత్తునకు సంధి జరిగి చింతూరు అయింది. ఇక్కడ చింత అంటే చెట్టా, దిగులా అన్న శంకకు రెండర్థాలూ కుదురుతున్నందున శ్లేషగా గ్రహించడం మేలు. ఈ ఊరిని నోడ్ అనుకుంటే దాని రెండవ గదిలోని అడ్రసు చరిత్రలో పలుమార్లు మారింది. ఇది చేరిన భద్రాచలం, రేకపల్లి సీమ 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది; 2014లో పోలవరం ముంపు మండలాలు ఏడింటిని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు చింతూరు ఖమ్మం నుంచి తిరిగి తూర్పు గోదావరికి, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు చేరింది. ఊరు కదలలేదు, శబరి కదలలేదు. బోర్డు మీద పేరు చెరిపి పేరు రాయడంతో నోడ్ మారిందని కాగితం మీద తేలింది. కాని ఒక మనిషి చేతి సంచిలో ఖమ్మం జిల్లా అని ముద్ర ఉన్న పదో తరగతి సర్టిఫికెట్టూ, తూర్పు గోదావరి అని ఉన్న కుల ధ్రువపత్రమూ, ఏపీ 20 నంబరుతో బండి కాగితాలూ కలిసి ఉండగా, ఇవన్నీ ఒకే ఊరివని రుజువు చేసే భారం ఆ మనిషి మీదనే పడుతుంది. పాయింటర్‌ను మార్చినవాడు ఖాతా రాయలేదు. ఖాతా రాయనందుకు సంజాయిషీ మాత్రం సంచి మోసేవాడు ఇచ్చుకుంటాడు. ఆస్పత్రికీ అంగడికీ ఆ సీమ అలవాటుపడిన భద్రాచలం పట్టణమేమో 2014లో తెలంగాణలోనే ఉండిపోయింది. కాగితం ఒక వైపు చూపుతుంది, కాళ్ళు ఇంకో వైపు నడుస్తాయి.

పూర్వపక్షము: నకలు ఎంత లోతు తీయాలి? మండలానికి నకలు తీయబోతే అది జిల్లాను చూపుతుంది, జిల్లా రాష్ట్రాన్ని, రాష్ట్రం దేశాన్ని చూపుతుంది. ప్రతి పాయింటర్ వెంటా దిగుతూ పోతే ఒక మండలం కోసం భూగోళం మొత్తం మళ్ళీ కట్టవలసి వస్తుంది గదా. సిద్ధాంతము: ఎల్ల గీయక తప్పదు, ఎల్ల లోపలివాటికి కొత్త నోడ్లు, వెలుపలివాటికి పాత అడ్రసు. ఎన్నటికీ మారనిదాన్ని ఇద్దరు పంచుకున్నా దోషం లేదు. అయితే ఎల్ల ఎక్కడన్నది కంప్యూటరు చెప్పదు, గొలుసును వాడుకునేవాడే చెప్పాలి. చింతూరు కోయల చుట్టరికాలు కుంట వైపూ, ఒడిశాలోని మోటు వైపూ నదులు దాటి అల్లుకొని ఉంటాయి; రాష్ట్రాల ఎల్ల వాటి మధ్యగా పోతుంది. గీత గీసినవాడి పటంలో అవి వెలుపలివి, పెళ్ళికి పిలిచేవాడి లెక్కలో లోపలివి.

“మూలమునకు హాని లేకుండ” అనే విశేషణాన్ని ఇప్పటివరకు వాయిదా వేయడానికి కారణముంది. మూలం నిలిచి ఉంటుందన్నది సూత్రకర్త ఊహ. గోదావరి పొంగినప్పుడు కూనవరం సంగమం దగ్గర శబరి నీరు పోయే దారి లేక వెనక్కి తన్ని చింతూరు వైపు ఎగబాకుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటిన 2022 జూలైలో ఆ సీమంతా చూసినది అదే. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, ఆ మట్టానికి నీరు నిలిచినప్పుడు మునిగే ఊళ్ళకు వేరే చోట కట్టే నకలును పునరావాస కాలనీ అంటారు. అందులో ఇంటికి ఇల్లు, వీధికి వీధి, స్తంభానికి స్తంభం ఉంటాయి. మొదటి గదులన్నీ సరిపోయాయని తనిఖీలో తేలుతుంది. రెండవ గదులను విప్పి చూసినవాడికి మాత్రం, వేసవిలో పువ్వు రాల్చే ఇప్పచెట్టు, అడ్డాకు కోసుకునే అడవి, చేప పట్టే రేవు, విత్తనాల పండుగకు మొక్కే వేల్పు, పెద్దల పేర నిలిపిన రాళ్ళు, అన్నిటి అడ్రసులూ పాత ఊరినే చూపుతూ కనిపిస్తాయి. పై నకలులో పాయింటర్లు పాత చోటును చూపడం దోషమే అయినా, పాత చోటు ఉన్నంత కాలం బతుకు గడుస్తుంది, పొద్దున నడిచి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ మెమరీని విడుదల చేసిన నాడు, అనగా అక్కడ నీరు నిలిచిన నాడు, వాటిని శాస్త్రంలో డ్యాంగ్లింగ్ పాయింటర్లు, అంటే పట్టు తప్పి వేలాడే కొక్కేలు అంటారు. మునిగిన వాకిలికి చీటీ అంటించడం చీనీ వల్ల కూడా కాదు.

“శేషము సుగమము” అన్నదానికి స్పష్టమని పైన ఇచ్చిన అర్థం తొందరపాటుతో ఇచ్చినది. వ్యాఖ్యాతలు కఠినమైన చోట ఈ మాట వేసి సులభమైన చోట నాలుగు పుటలు రాయడం అనాదిగా ఉన్నదే, ఈ టీక కూడా తాటాకుల దగ్గర ఆ పాపం చేసింది. కావ్యంలో దానివల్ల నష్టపోయేది విద్యార్థి ఒక్కడే. ప్రోగ్రాముల్లోనూ కాగితాల్లోనూ శేషమంటే పాయింటర్లే. వస్తువులను దింపడం మొదటి పూట పని, వాటి మధ్య దారాన్ని మళ్ళీ గుచ్చడమే అసలు పని. ఆ పనికి శేషమని పేరు పెట్టినవాడు దాన్ని చేయనని ముందుగానే చెప్పినట్టు గ్రహించవలెను.

తాత్పర్యము

ఎల్ల లోపలి ప్రతి కొక్కెమూ కొత్త గొలుసులోనే తగులుకొనేవరకు నకలు తీసినట్టు కాదు. ఖాతా పూర్తికాకముందు మూలాన్ని వదలరాదు.

గద్య

ఇది గొలుసు నకలు అనే సూత్రానికి శబరీ వ్యాఖ్య. చూసినది చూసినట్టు రాయడమైనదన్న లేఖకుడి విన్నపం దీనికి చెల్లదు. సంపూర్ణము అని రాయవలసిన ఈ చోట, ఖాతాలో ఇప్పచెట్టు పాత అడ్రసు ఎదుట కుడి గడి ఖాళీగా ఉన్నందున, అసంపూర్ణము.